కౌన్సిలర్ గారి అరుగు

1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం తిరగేస్తే కౌన్సిలర్ రోజూ చెయ్యాల్సిన పని గురించి దొరికేది చాలా తక్కువ. కౌన్సిల్ నెలకోసారైనా సమావేశం కావాలి. వరసగా మూడు నెలలు సమావేశాల మొహం చూడకపోతే పదవి పోతుంది. బడ్జెట్, పన్నులు, కాంట్రాక్టుల మీద ఓటు వెయ్యాలి. తెల్లవారుజామున ఐదింటికి వీధి కొళాయి దగ్గర నిలబడమని గానీ, అర్ధరాత్రి ఎవరి కొడుకునో పోలీస్ స్టేషన్ నుంచి తీసుకురమ్మని గానీ అందులో ఎక్కడా లేదు.

నా ఉద్యోగమంతా కోస్తా జిల్లాల మున్సిపల్ ఆఫీసుల్లోనే గడిచింది. అందులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లో ఉన్నాను. ఎజెండా తయారు చేయించడం, సమావేశం జరుగుతుంటే మూల బల్ల దగ్గర కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవడం, మర్నాడు మినిట్స్ బుక్కులో తీర్మానాలు ఎక్కించడం నా పని. నేను రాసిన పుస్తకాల్లో కౌన్సిలర్లు కనిపించేది ఓటు వేసినప్పుడే. వాళ్ళ రోజు ఎలా గడిచేదో ఆ పుస్తకాల్లో ఎక్కడా దొరకదు. ఆఫీసు వరండాలోనూ, వాళ్ళ ఇళ్ళ అరుగుల మీదా నేను చూసింది, పాత రికార్డుల్లో చదివింది కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

మన వైపు మున్సిపాలిటీల చరిత్ర భీమునిపట్నంతో మొదలవుతుంది. అక్కడ 1861లోనే పురపాలక సంఘం వచ్చింది. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధి చట్టం తెచ్చాక గుంటూరు, కాకినాడ, నెల్లూరు, బందరు వరసగా మున్సిపాలిటీలయ్యాయి. బెజవాడ వంతు 1888లో వచ్చింది. తొలిరోజుల్లో సభ్యుల్ని ఎవరూ ఎన్నుకోలేదు. కలెక్టరు పెద్దగా ఉండేవాడు, మిగతావాళ్ళని ప్రభుత్వమే నియమించేది. దొరలు, ప్లీడర్లు, షావుకార్లు, ఒకరిద్దరు జమీందారీ మనుషులు. చేసే పనులు కూడా లెక్కపెట్టినన్నే: ఇంటిపన్ను, బండ్ల మీదా జంతువుల మీదా పన్ను వసూలు, వీధుల ఊడ్పు, కిరసనాయిలు దీపాలు, మశూచికి టీకాలు, ఒక ఆస్పత్రి, ఒకటో రెండో బడులు. దొర పెద్దగా కూర్చున్న గదిలో మనవాళ్ళు నోరు విప్పే సందర్భాలు ఎన్ని ఉండేవో ఊహించుకోవచ్చు.

1882లో లార్డ్ రిప్పన్ స్థానిక పాలన తీర్మానం చేశాడు. దాని వెనకే 1884లో మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం వచ్చింది. ఎన్నికైన సభ్యులకు, అధికారి కాని చైర్మన్‌కు దారి పడింది అక్కడే. రాజమండ్రిలో న్యాపతి సుబ్బారావు పంతులు గారు 1885లో చైర్మన్ అయ్యారు. కందుకూరి వీరేశలింగం గారు అప్పటికే పదేళ్ళుగా ‘వివేకవర్ధని’ పత్రికలో అధికారుల లంచగొండితనాన్ని ఉతికి ఆరేస్తున్నారు. టంగుటూరి ప్రకాశం గారు బారిస్టరు చదువుకి ఇంగ్లండు వెళ్ళే ముందు అదే రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా ఉన్నారు. తర్వాత కాలంలో రాష్ట్రాన్ని నడిపిన మనిషి మొదట నేర్చుకున్నది వీధి దీపాల, మురుగు కాలువల పాలన. మన రాజకీయ చరిత్రలు రాసేవాళ్ళు ఈ అధ్యాయాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

అయితే ఆనాటి కౌన్సిలర్ పనికీ తర్వాతి కౌన్సిలర్ పనికీ పోలిక లేదు. పన్ను కట్టేవాళ్ళకే ఓటు. ఆ ఓటర్లు ఊళ్ళో గుప్పెడు మంది. వాళ్ళు కౌన్సిలర్‌ని అడిగేది ప్రధానంగా ఒకటే: పన్ను పెంచకు. కోర్టు అయ్యాక సాయంత్రం మీటింగుకి వెళ్ళి, లెక్కలు అడిగి, ఇంగ్లీషులో ఉపన్యసించి ఇంటికి రావడంతో చాలామంది పని అయిపోయేది. కొళాయి లేని పేటకి ఓటు లేదు. ఓటు లేని పేట నుంచి అరుగు దగ్గరికి వచ్చి అడిగే హక్కూ లేదు. చేతులతో మలం ఎత్తి ఊరిని శుభ్రం చేసినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి, ఒరిస్సా వైపు నుంచి వలస వచ్చిన రెల్లి కుటుంబాలవాళ్ళు. ఆ కాలపు కౌన్సిళ్ళలో వాళ్ళ గురించి చర్చ జరిగితే అది సిబ్బంది ఖర్చు గురించే తప్ప వాళ్ళ బతుకు గురించి కాదు.

కౌన్సిలర్ అనే మనిషి పన్నుకీ వీధికీ మధ్య ఎలా ఇరుక్కుపోతాడో మొదటిసారి దేశమంతా చూసింది చీరాలలో.

చీరాల, పేరాల ఆనుకుని ఉన్న ఊళ్ళు. మగ్గాల ఊళ్ళు. రెండూ కలిపి 15 వేల చిల్లర జనం. అంతకు ముందు యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంఘంగా ఉన్నప్పుడు ఏడాదికి కట్టింది 4 వేల రూపాయల పైమాటే. 1919లో ప్రభుత్వం దాన్ని మున్సిపాలిటీ చేసింది. పన్ను ఒక్కసారిగా 40 వేలకు ఎక్కింది. నేత పనివాడి ఇంటికి కొత్త కొళాయి రాలేదు, కొత్త దీపం రాలేదు, నోటీసు మాత్రం వచ్చింది. మాకు మున్సిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు.

ఇక్కడ కౌన్సిలర్లు చేసిన పని నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. పన్ను వెయ్యాల్సిన బల్ల దగ్గర కూర్చుని, ఇంటికి వచ్చేసరికి అదే పన్ను కట్టలేని మేనమామనీ పక్కింటివాణ్ణీ చూడాలి. ఎన్నికైనవాళ్ళు రాజీనామాలు ఇచ్చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక చైర్మన్‌ని తెచ్చి కూర్చోబెట్టి మున్సిపాలిటీ నడిపించింది. పన్ను కట్టనన్నందుకు పన్నెండు మందికి శిక్షలు పడ్డాయి, వాళ్ళలో ఒక ఆడమనిషి కూడా ఉంది. ఈ పోరాటానికి నాయకుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రామదండు అనే సేవాదళం కూడగట్టి ఊరిని ఒక్క మాట మీద నిలబెట్టారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం అయ్యాక గాంధీ గారు చీరాల వచ్చారు. శాంతంగా పన్ను నిరాకరించండి, లేదా మున్సిపల్ హద్దు దాటి వెళ్ళిపోండి, ఆ తర్వాత మీమీద పన్ను వేసే అధికారం వాళ్ళకి ఉండదు అన్నారు. రెండో దారినే పట్టింది ఊరు. 13 వేల పైచిలుకు జనం ఇళ్ళు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకీ వానకీ దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో అరెస్టు చేశాక, డబ్బూ ఓపికా కరిగిపోయాక తిరిగి ఊళ్ళోకి వచ్చారు.

ఈ కథని స్వాతంత్ర్యోద్యమం పాఠంలో చదువుకుంటాం. మున్సిపల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి కాబట్టి నేను దాన్ని మరో వైపు నుంచి కూడా చదువుతాను. వీధిలో పన్ను నోటీసు అంటించే చెయ్యీ, వీధి బాగోగులు చూసే చెయ్యీ ఒకటే అయినప్పుడు, ఆ చెయ్యి ఎవరిదో జనానికి తెలిసి ఉండాలి. రాజీనామా ఇచ్చిన చీరాల కౌన్సిలర్లకి ఈ సంగతి తెలుసు. జీతానికి వచ్చిన చైర్మన్‌కి ఆ ఊళ్ళో మేనమామ లేడు.

ఆ మధ్యలోనే 1920 చట్టం వచ్చి మద్రాసు రాష్ట్రంలో కౌన్సిళ్ళకి చేవ కాస్త పెంచింది. చైర్మనే కార్యనిర్వాహకుడు, బండి నడిపేది ఆయనే. 1930ల్లో ప్రభుత్వం కమిషనర్లను పంపడం మొదలుపెట్టాక ఆ కార్యనిర్వహణ కాస్తా ఆఫీసరు చేతికి జారింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా కౌన్సిలర్ చేసే పనిలో ముప్పాతిక భాగం, ఒక ఆఫీసరు బల్ల దగ్గర నిలబడి మా వీధి సంగతి చూడండి అని అడగడమే. స్వాతంత్ర్యం వచ్చి, వయసు వచ్చిన ప్రతివాడికీ ఓటు వచ్చాక అడిగేవాళ్ళ సంఖ్య మాత్రం వందల్లోంచి వేలల్లోకి వెళ్ళింది. హైదరాబాదు కార్పొరేషన్‌కి 1951లో మాడపాటి హనుమంతరావు గారు తొలి మేయరు అయ్యారు, విజయవాడకి 1981లో టి. వెంకటేశ్వరరావు గారు. ఆ పెద్ద ఊళ్ళ సంగతి రాసినవాళ్ళు ఉన్నారు. నేను చూసింది చిన్న, నడిమి ఊళ్ళు.

1981లో చాలా ఏళ్ళ విరామం తర్వాత మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. గెలిచి వచ్చినవాళ్ళలో ఒకాయన మగ్గం నేసే మనిషి. ఆయన వార్డులో రెండు వీధులు పెంకుటిళ్ళు, మిగతాదంతా పాకలు. ఆయన రోజు ఎలా గడిచేదో నేను దగ్గర నుంచి చూశాను, మేం అద్దెకున్నది ఆ వీధిలోనే.

తెల్లవారుజామున ఐదుకి కొళాయి వదిలేవారు. ఒక్క గంట. వీధి కొళాయి దగ్గర రాత్రే బిందెలు వరస పెట్టి ఉండేవి. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్న తగువు రోజూ ఉండేదే. ఆయన పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చి ఆ వరస పక్కన నిలబడేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆయన నిలబడితే గొంతులు తగ్గేవి. నీళ్ళు సన్నగా వస్తే టర్న్‌కాక్ దగ్గరికి నడిచేవాడు, వాల్వు ఎంత తిప్పాడో చూడటానికి. అక్కడి నుంచి మస్టరు దగ్గరికి. శానిటరీ మేస్త్రీ పేర్లు పిలుస్తుంటే తన వార్డుకి ఎంతమందిని వేశాడో చూసుకునేవాడు. పేరు మస్టర్లో ఉండి మనిషి ఇంకెక్కడో పనిచేసే వ్యవహారం అప్పుడూ ఉంది. ఆయన ఆ మాట ఎత్తినప్పుడు మేస్త్రీతో తగువు పెట్టుకునేవాడు కాదు. వచ్చిన నలుగురినీ వెంటబెట్టుకుని, ముందు ఏ కాలువ తియ్యాలో చెబుతూ వాళ్ళతో పాటు నడిచేవాడు. పూడిక తీసి గట్టు మీద పోసి వదిలేస్తే వాన పడగానే మళ్ళీ కాలువలోకే జారుతుంది. అందుకని బండి వచ్చి ఎత్తుకెళ్ళేదాకా ఉండేవాడు.

ఏడున్నరకి ఇంటికి చేరేసరికి అరుగు నిండేది. రేషన్ కార్డులో పిల్ల పేరు ఎక్కలేదని ఒకరు, వితంతు పింఛను ఆగిందని ఒకరు, బోరింగు వాషర్లు అరిగిపోయి చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టినా చుక్క రావడం లేదని ఒకరు. “బాబాయ్, మా సందులో లైటు వెలగక వారం” అని ఒక కుర్రాడు. ఆయనకి చదువు ఐదో తరగతి. ఎర్ర అట్ట నోటుబుక్కులో పేరు, ఇంటి గుర్తు, పని, మూడు ముక్కల్లో రాసుకునేవాడు. “రేవతి హోటలు వెనక, వేపచెట్టు ఇల్లు, ముసలమ్మ, పింఛను.” పని అయితే అడ్డగీత కొట్టేవాడు. ఆ పుస్తకంలో గీత పడని పేర్లు చాలా పేజీలు వెనక్కి వెళ్ళేవి. కొత్త పేజీ మొదలెట్టినప్పుడు ఆ పాత పేర్లన్నీ మళ్ళీ పైన రాసుకునేవాడు.

పది గంటలకి ఆఫీసుకి. మా వరండాలో ఆయనకి తెలియని బల్ల లేదు. రెవెన్యూ సెక్షన్‌లో ఒకరి ఇంటిపన్ను పేరు మార్పు, ఇంజనీరింగ్ సెక్షన్‌లో కల్వర్టు అంచనా, స్టోర్సులో ట్యూబులైటు. స్టోర్సులో సరుకు లేదంటే బజారుకి వెళ్ళి చోక్ కొని లైన్‌మన్ చేతిలో పెట్టిన రోజులు ఉన్నాయి. కౌన్సిలర్‌కి అప్పట్లో దక్కేది సమావేశాలకి వచ్చినప్పుడు ఇచ్చే చిన్న మొత్తం. అరుగు మీద కూర్చున్నవాళ్ళకి ఇచ్చే టీలకే అది సరిపోదు. మగ్గం మీద పని సగానికి పడిపోయింది. వాళ్ళావిడా పెద్ద కొడుకూ నేస్తే ఇల్లు గడిచింది. ఆ మాట ఆవిడ ఒకసారి మా ఇంట్లో కూర్చుని చెప్పింది. కోపంగా చెప్పలేదు. “ఊరికి ఒకడు కావాలి కదండీ” అంది.

మధ్యాహ్నం చావు కబురు వస్తే మిగతావన్నీ ఆగేవి. శ్మశానం దారిలో ముళ్ళకంపలు కొట్టించడం, చీకటి పడేలా ఉంటే పెట్రోమాక్స్ లైటు ఏర్పాటు, ఇంటి ముందు బ్లీచింగు, డబ్బులేని ఇల్లయితే కట్టెలు. ఈ పని కౌన్సిలర్ పార్టీ చూసి చెయ్యడు. తనకి ఓటు వెయ్యని ఇంట్లో చావు అయితే ముందుగా వెళ్ళి నిలబడేవాళ్ళని నేను అన్ని పార్టీల్లోనూ చూశాను.

మార్చి నెల వేరు. ఆ నెల బిల్ కలెక్టర్లకి టార్గెట్లు. పన్ను బాకీ ఉన్న ఇళ్ళకి జప్తు వారెంట్లు వెళ్ళేవి. తలుపులు ఊడదీసి రిక్షాలో వేసుకుని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఒక సాయంత్రం అలాంటి తలుపు రెక్క ఆఫీసు ఆవరణలో గోడకి ఆనించి ఉంది. దానికి సున్నంతో పెట్టిన బొట్లు ఇంకా చెరిగిపోలేదు. ఆ మగ్గం కౌన్సిలర్ గారు ఆ తలుపు పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. అంతకు కొన్ని నెలల ముందు, నీటి పథకం అప్పు తీర్చాలంటే పన్ను సవరించక తప్పదని కమిషనర్ చెప్పినప్పుడు చెయ్యెత్తిన వాళ్ళలో ఆయనా ఉన్నాడు. అది నేనే రాశాను. నీళ్ళు కావాలంటే డబ్బు కావాలి, ఆయనకి తెలుసు. తలుపు లేని ఇంట్లో ఆడపిల్లలు రాత్రి ఎలా పడుకుంటారో కూడా తెలుసు. రెవెన్యూ సెక్షన్‌లో కూర్చుని పది రోజులు గడువు రాయించుకుని, కొంత తానే సర్దుబాటు చేసి, తలుపు వెనక్కి పంపించి గానీ ఇంటికి వెళ్ళలేదు. చీరాలలో రాజీనామా ఇచ్చినవాళ్ళూ ఈయనా నాకు ఒక్క వంశం మనుషులు.

కౌన్సిల్ సమావేశం సంగతి కూడా చెప్పాలి. మూడు రోజుల ముందే ఎజెండా ప్రతి సభ్యుడికీ అందాలి. మా అటెండరు సైకిలు మీద ఇంటింటికీ తిరిగి తపాలు పుస్తకంలో సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. కొందరు దాన్ని చుట్టి జేబులో పెట్టుకుని నేరుగా హాల్లోకి వచ్చేవాళ్ళు. కొందరు రాత్రంతా చదివి అంచుల్లో గీతలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. అందరికంటే ఎక్కువ గొడవ జరిగేది టేబుల్ ఎజెండా మీద. చైర్మన్ ముందస్తు ఆమోదంతో జరిగిపోయిన పనులు, అత్యవసరం పేరుతో వచ్చిన బిల్లులు సమావేశం మొదలయ్యాక బల్ల మీదికి వచ్చేవి. చదివే వ్యవధి ఉండదు. “ఇది ఇప్పుడిస్తే మేం ఏం చూడాలండీ” అని లేచే సభ్యుడు ప్రతి కౌన్సిల్‌లోనూ ఒకడైనా ఉండాలి. అలాంటివాడు లేని కౌన్సిళ్ళలో మీటింగు అరగంటలో అయిపోయేది, ఆ ఊరి రోడ్లు రెండు వానలకి లేచిపోయేవి.

చైర్మన్‌ని ఒకప్పుడు జనమే నేరుగా ఎన్నుకున్నారు, మరొకప్పుడు కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. పద్ధతి ఎన్నోసార్లు మారింది. కౌన్సిలర్లు ఎన్నుకునే కాలంలో గెలిచినవాళ్ళని బస్సెక్కించి క్యాంపులకి తీసుకెళ్ళేవారు. ఆ రోజుల్లో అరుగులు ఖాళీగా ఉండేవి, అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని లేచిపోయేవాళ్ళు. ఆ పద్ధతి మంచీచెడుల గురించి మాట్లాడేవాళ్ళు ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళని లెక్కలో వేసుకోరు.

1990 మే నెల తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 1987లో ఎన్నికైన కౌన్సిళ్ళు అప్పుడు ఉన్నాయి. ఆ వారం రోజులు మా ఆఫీసుకి తాళం వెయ్యలేదు. కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు. పాకలు ఎగిరిపోయిన కుటుంబాలని బడుల్లోకి చేర్చాం. ఏ బడిలో ఎంతమంది ఉన్నారు, ఎంత బియ్యం కావాలి అన్న లెక్క మాకు కాగితం మీద లేదు. కౌన్సిలర్లు నోటితో చెబుతుంటే రాసుకున్నాం. ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరు మందుల మీద ఉన్నారో, ఎవరు మొహమాటానికి వరసలో నిలబడరో, ఏ రిజిస్టరులోనూ లేని ఆ వివరాలన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఆ వారం తర్వాత కౌన్సిలర్ల మీద నా గౌరవం ఇంకెవరూ కదిలించలేనంత గట్టిపడింది.

1992లో ఆ కౌన్సిళ్ళ కాలం తీరింది. ఎన్నికలు వెంటనే పెట్టలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. ఆ మధ్యలోనే ఢిల్లీలో 74వ రాజ్యాంగ సవరణ అయ్యి 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరిగి తీరాలి, ఆడవాళ్ళకి మూడో వంతుకి తగ్గకుండా సీట్లు, దళితులకీ గిరిజనులకీ జనాభా కొద్దీ సీట్లు. పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు రాసి ఇవి మున్సిపాలిటీలకి అప్పగించవచ్చన్నారు. 1995లో ఎన్నికలు జరిగాయి. మా హాల్లోకి ఒక్కసారిగా ఆడవాళ్ళు వచ్చారు.

మొదట్లో వాళ్ళతో పాటు భర్తలు కూడా వచ్చేవాళ్ళు, హాలు గుమ్మం దాకా. ఆఫీసులో పనులకి ఆ భర్తలే తిరిగేవాళ్ళు. పేపర్లు దీని మీద వెక్కిరింపుగా రాశాయి. ఆ రాతలు రాసినవాళ్ళు మా మూల బల్ల దగ్గర కూర్చుని ఉంటే మరోలా రాసేవారు. ఒకావిడ గురించి చెబుతాను. గేదెల పాలు ఇళ్ళకి పోసే మనిషి. అక్షరాలు రావు, సంతకం నేర్చుకుని నామినేషన్ వేసింది. ఎజెండా అందిన సాయంత్రం దాన్ని చీర కొంగులో చుట్టుకుని మా ఇంటికి వచ్చేది. “చదవండి బాబూ, ఒక్కటీ వదలొద్దు” అని కింద కూర్చునేది. నేను ఒక్కో అంశం చదివితే, అది ఏ వీధిదో అడిగి, కళ్ళు మూసుకుని ఆ వీధి తలుచుకునేది.

ఒక ఎజెండాలో బడి పక్క వీధిలో సైడు కాలువకి అంచనా ఉంది. చదివాను. “ఆ నీళ్ళు ఎటు పారతాయి బాబూ?” అంది. ఎటు నుంచి ఎటు కడతారో, ఎన్ని మీటర్లో అంచనాలో ఉంది గానీ, నేల వాలు ఏ వైపో నాకు దొరకలేదు. ఆవిడ మరేం మాట్లాడలేదు. మర్నాడు సమావేశంలో ఆ అంశం రాగానే లేచి నిలబడింది. గొంతు వణుకుతోంది. “అయ్యా, బడి గేటు పల్లంలో ఉంది. పెద్ద కాలువ మెరకలో ఉంది. మీరు ఇలా కడితే వానాకాలం నీళ్ళు ఎదురుతన్ని బళ్ళోకి వస్తాయి. నేను పదిహేనేళ్ళ నుంచి పాలచెంబు పట్టుకుని ఆ వీధిలో నడుస్తున్నా. మోకాలి లోతు నీళ్ళు ఎక్కడ నిలబడతాయో నా కాళ్ళకి తెలుసు” అంది. హాలంతా నిశ్శబ్దం. చైర్మన్ గారు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వైపు చూశారు. లెవెల్స్ మళ్ళీ తీసుకుని వస్తామన్నారాయన. తీశారు, ఆవిడ చెప్పిందే నిజం. కాలువని వీధి రెండో కొస వైపు తిప్పి కొత్త అంచనా వేశారు. మినిట్స్ బుక్కులో ఆ రోజు ఆ అంశం ఎదురుగా నేను రాసింది, రాయగలిగింది ఒక్క ముక్క: “వాయిదా వేయడమైనది.”

ఆ టర్ము ఇంకా సగం కాకముందే ఆవిడ భర్త గుమ్మం దాకా రావడం మానేశాడు.

1997లో జన్మభూమి కార్యక్రమం వచ్చాక కౌన్సిలర్ల పని తీరు మారింది. నోడల్ అధికారి వీధిలోకి వచ్చి మైకులో అర్జీలు తీసుకుంటాడు. జనం కౌన్సిలర్ వైపు చూస్తారు, కౌన్సిలర్ అధికారి వైపు చూస్తాడు. తర్వాత్తర్వాత పథకాలు పెరిగాయి, వాటి జాబితాలు పై నుంచే తయారై వచ్చాయి. 18 అంశాలు షెడ్యూల్లో ఉన్నాయి గానీ డబ్బూ సిబ్బందీ చాలావరకు రాష్ట్రం చేతిలోనే ఉండిపోయాయి. కౌన్సిలర్ అయ్యే అర్హతల మీద మాత్రం చట్టం శ్రద్ధ పెట్టింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధన ఎంతోమంది మంచి మనుషుల్ని, ముఖ్యంగా పేద ఇళ్ళ ఆడవాళ్ళని, గుమ్మం దగ్గరే ఆపేసింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024లో తీసేసింది. ఆడవాళ్ళ సీట్లు మూడో వంతు నుంచి సగానికి చేరాయి. ఇది మన రాష్ట్రాల్లో నేను చూసిన మంచి మార్పుల్లో మొదటిది.

అయిదేళ్ళకోసారి ఎన్నికలన్నారు గానీ, 2010లో కౌన్సిళ్ళ కాలం తీరితే మళ్ళీ ఎన్నికలు 2014లో గానీ జరగలేదు. 2019లో తీరితే ఆంధ్రప్రదేశ్‌లో 2021 దాకా జరగలేదు. ప్రత్యేకాధికారి కాలంలో నేను రాసిన మినిట్స్ బుక్కులు చూస్తే తేడా తెలుస్తుంది. ప్రతిపాదించేదీ ఆయనే, ఆమోదించేదీ ఆయనే, సంతకం ఒక్కటే. కాగితాలు సక్రమంగా ఉంటాయి. అభ్యంతరం చెప్పినట్టు ఒక్క వాక్యం ఉండదు. ఆ అధికారుల్లో చాలా సమర్థులు ఉన్నారు, నేను వాళ్ళ దగ్గర పని నేర్చుకున్నాను. కానీ నీళ్ళు ఎదురుతన్నుతాయని చెప్పే పాలమ్మ ఆ గదిలోకి రాలేదు.

2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి, వాలంటీర్లు వచ్చారు, ఆ తర్వాత ఒకటో తారీకున పింఛను గడప దగ్గరికి వచ్చింది. 2024 నుంచి ఆ పింఛన్లు సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా వస్తున్నాయి. నడవలేని ముసలమ్మకి ఇంటి దగ్గరే డబ్బు అందడం గొప్ప సంగతి. మగ్గం కౌన్సిలర్ గారి ఎర్ర నోటుబుక్కులో గీత పడని పేర్లలో ఎక్కువ పింఛన్లవే. 2021లో గెలిచిన కౌన్సిలర్లు నాతో అన్న మాట ఒకటే: “జనం మా దగ్గరికి పింఛను కోసం రావడం తగ్గింది. కాలువ కోసం, కుక్కల కోసం, పక్కవాడు దారి ఆక్రమించాడని రావడం తగ్గలేదు. ఆ పనులకి మా చేతిలో ఏమీ లేదు.” గడప దగ్గరికి డబ్బు తెచ్చే మనిషి కౌన్సిల్ హాల్లో లేచి నిలబడి టేబుల్ ఎజెండా గురించి అడగలేడు. అడగడానికి ఎన్నికైనవాడికి వీధిలో చేసి చూపించడానికి నిధులు లేవు. ఈ రెండూ ఒక్క మనిషి దగ్గర ఉన్న రోజుల్ని నేను చూశాను కాబట్టి, వాటిని విడదీయడం నష్టమని గట్టిగా నమ్ముతాను.

1981లో గెలిచినవాళ్ళు ఇప్పుడు డెబ్భై, ఎనభై దాటినవాళ్ళు. వాళ్ళు మాట్లాడితే రాసుకోవడానికి ఈ ఏడాది నుంచి తిరుగుతున్నాను. ఒకాయన తన వార్డులో మొదటి వీధి కొళాయి ఎవరింటి ముందు పెట్టాలన్న దాని మీద మూడు నెలలు నడిచిన పంచాయితీ మొత్తం చెప్పాడు. చివరికి అది ఎవరిల్లూ కాని చోట, మసీదు గోడకీ రామాలయం గోడకీ మధ్య సందులో పెట్టారు. ఆ తీర్మానం నంబరు కోసం పాత మినిట్స్ బుక్కు వెతికాను. ఆ అరలో పుస్తకాలకి చెద పట్టింది. దొరికిన వాటిని ఎండలో ఆరబెట్టి, ఫోటోలు తీసి, ఒక్కో ఏడాదీ విడివిడిగా కట్టలు కడుతున్నాం, నేనూ నా తర్వాత ఆ సెక్షన్‌లోకి వచ్చిన అమ్మాయీ. తీర్మానం ఎదురుగా ఆ వార్డు పెద్దవాళ్ళు చెప్పిన మాట కూడా రాసి అంటిస్తున్నాం. 1981 కట్ట అయింది, 1987 కట్ట సగంలో ఉంది.